ఒక్క వార్తతో పాత పుస్తకాల దుకాణం సగం తుక్కవుతుందా? అబిడ్స్, కోఠి ఫుట్‌పాత్ వాళ్ళెవరైనా చెప్పండి

హనుమకొండ చదువరి:

పోయిన ఆదివారం పని మీద హైదరాబాద్ వచ్చాను. పని అయ్యాక అబిడ్స్‌లో జనరల్ పోస్టాఫీసు దగ్గర దిగి పుస్తకాలు చూస్తూ నడిచాను. ఒక పెద్దాయన పుస్తకాలు పరిచిన పట్టా ముందు నేను కూర్చుని ఏవో తిరగేస్తుంటే, ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇయ్యాల వార్తతోని నా దాంట్ల సగం తుక్కే" అన్నారు. ఏ వార్త అని అడిగేలోపు ఇద్దరు పిల్లలు బేరానికి వచ్చారు. ఆయన వాళ్ళతో మాటల్లో పడ్డారు, నాకేమో బస్సు టైమైంది.

ఇంటికొచ్చాక పేపరు మొత్తం మళ్ళీ చదివాను. నాకేమీ అర్థం కాలేదు. కూరగాయలంటే ఎండకు వాడిపోతాయి, పుస్తకానికి వార్తతో ఏమవుతుంది? అసలు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మేవాళ్ళ రోజు ఎలా గడుస్తుంది, వాళ్ళు పేపర్లో ఏం చూస్తారు? ఆ పని చేస్తున్నవాళ్ళే చెబితే బాగుంటుంది.

పట్టా మీది పుస్తకం:

ఆ మాటన్నది నేను కాదు తమ్మీ. కాని ఆ లైన్ల కూసునే ఎవరైనా అనే మాటనే అది. నేను ఆదివారం అబిడ్స్‌ల పెడ్త, మిగతా దినాలు కోఠి దిక్కు ఉంట. మా నాయిన సుత ఇదే పని చేసిండు. నువ్వు మంచిగ అడిగినవు కాబట్టి వివరంగ రాస్త.

ఆదివారం అబిడ్స్ ఎందుకంటే ఆ రోజు పెద్ద దుకాణాల షట్టర్లు వేసి ఉంటయి. ఆ షట్టర్ల ముందటి జాగల మేము పట్టా పరుస్తం. పొద్దుగాల్నే ఆటోల సంచులు దించాలె. పరిచేదానికి ఒక వరుస ఉంటది. నడిచేటోళ్ళ కాళ్ళ దిక్కు పరీక్షల పుస్తకాలు, వాటెనుక ఇంగ్లిష్ నవలలు ఒక్కటే ధర కుప్పలు, మధ్యల పిల్లల బొమ్మల పుస్తకాలు. తెలుగు నవలలు, వారపత్రికల కట్టలు నా చేతికి అందేతట్టు పెట్టుకుంట, ఎందుకంటే వాటిని అడిగేటోళ్ళు కూసొని మాట్లాడ్తరు, నాకు సుత మాట్లాడబుద్ధయితది. న్యాయశాస్త్రం పుస్తకాలు వెనుక షట్టర్‌కు ఆనిచ్చి నిలబెడ్త. అవి కావాల్సినోడు ఎంత దూరంనుంచైనా గుర్తుపడ్తడు.

సరుకు మూడు తీర్ల వస్తది. పాత పేపర్ల దుకాణాలల్ల కాంటా లెక్కన తెచ్చుకునేది ఒకటి. ఇల్లు ఖాళీ చేసేటోళ్ళు, పెద్దమనిషి కాలం చేసినంక అల్మారా ఖాళీ చేసేటోళ్ళు పిలిచి ఇచ్చేది ఇంకొకటి. మూడోది అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్ళు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు రూము ఖాళీ చేసేటప్పుడు సంచులకు సంచులు ఇస్తరు. ఈ మూడోదాని మీదనే వార్త ఎక్కువ పని చేస్తది.

ఇగ నీ ప్రశ్న. పొద్దున పరుచుడు అయినంక చాయ్ తాగుకుంట నేను పేపర్ చదువుత. మొదటి పేజీ తొందరగ తిప్పుత. లోపలి పేజీలల్ల చిన్న అక్షరాలు చూస్త. ఏ చట్టం ఏ తారీఖు నుంచి అమలు, ఏ నోటిఫికేషన్ పడ్డది, ఏ పరీక్ష ఆగింది, హైకోర్టు ఏమన్నది, ఏ సిలబస్ మారింది. నా సరుకు బతికేది, పోయేది ఆడనే తెలుస్తది.

2024 జులై 1 చూడు. నేరాలకు శిక్షలు చెప్పే 1860 నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాంతోపాటే కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం రెండూ మారినయి. చట్టాలు 2023 డిసెంబర్‌లనే పాసైనయి, అంటే మాకు ఆరు నెలలు ముందుగాలనే తెలుసు. 511 సెక్షన్ల చట్టం 358 సెక్షన్లకు వచ్చింది. హత్య అంటే 302 అని చిన్న పోరడు సుత చెప్తుండె, అది 103 అయింది. మోసానికి ఉన్న 420 పోయి 318ల కలిసింది. నా షట్టర్‌కు ఆనిచ్చిన వరుస మొత్తం ఒక్క రాత్రిల పాతదైంది. మా పక్కాయన బేర్ యాక్టులన్ని, అంటే వ్యాఖ్యానం లేకుంట ఉత్త చట్టమే ఉండే పుస్తకాలు, కట్టగట్టి కాంటాకు ఏసిండు. నేను ఎయ్యలే. జులై 1 కంటే ముందు జరిగిన నేరం ఐపీసీ కిందనే నడుస్తది కదా. ఆ కేసులు ఇంకా ఎన్ని ఏండ్లు కోర్టులల్ల ఉంటయో నీకు ఎరుకే. కొత్తగ నల్లకోటు ఏసుకున్న పిల్లలకు పాత చట్టం, కొత్త చట్టం రెండూ కావాలె. కొత్తది దుకాణంల కొంటరు, పాతది దుకాణాలోళ్ళు తెప్పిచ్చుడు తగ్గిచ్చిన్రు. అప్పుడు నాకాడికే వస్తరు.

పటాలు ఇంకొక కథ. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ పటాలన్ని పాతవైనయి. అది మేము సంతోషంగ భరించిన నష్టం, దాని మాట వేరే. 2016 దసరకు పది జిల్లాలు 31 అయినయి. 2019 ఫిబ్రవరిల 33 అయినయి. అదే ఏడు జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమయ్యి దేశంల రాష్ట్రాలు 29 నుంచి మళ్ళ 28కి వచ్చినయి. 2022 ఏప్రిల్‌ల ఆంధ్రల 13 జిల్లాలు 26 అయినయి. జనరల్ నాలెడ్జ్ పుస్తకం అమ్మేటోనికి ఇవన్ని నోటికి రావాలె. తెలువక పాతది కొంటపోతున్న పిల్లగానికి "బిడ్డా, దీంట్ల జిల్లాల లెక్క పాతది" అని చెప్పాలె. చెప్పకుంట అమ్మేటోళ్ళున్నరు, అది నాకు నచ్చదు. ఒక్క మార్కుకు కొలువు పోయే పరీక్షలివి.

గ్రూప్-1 ముచ్చట తీస్తే నాకు కడుపుల దేవినట్టయితది. తెలంగాణ వచ్చినంక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌ల పడ్డది, 503 పోస్టులు. ఆ వారం నాకాడ పరీక్షల పుస్తకం ఒక్కటి మిగల్లే. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ అయింది. 2023 మార్చిల పేపర్ లీకైందని రద్దు చేసిన్రు. జూన్ 11న మళ్ళ పెట్టిన్రు. దాన్ని సెప్టెంబర్‌ల హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్‌ల మెయిన్స్. 2025 సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ మెయిన్స్ ఫలితాలు కొట్టేసిండు. 24న అదే కోర్టు ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ దాని మీద స్టే ఇచ్చింది. 27న నియామక పత్రాలు ఇచ్చిన్రు.

ఈ తారీఖులు నాకు ఎందుకు గుర్తంటే, ఒక్కొక్క తారీఖుకు ఆ పిల్లల ముఖాలు చూసిన. నోటిఫికేషన్ పడ్డ దినం బేరమాడకుంట కొంటరు. రద్దు అన్న దినం భుజానికి సంచి తగిలేసుకొని వస్తరు, "ఎంతిస్తవో ఇయ్యి అన్నా" అంటరు. ఆ దినం నేను కొనను. పైసలు అవసరమున్నోనికి ఎంతో కొంత చేతిల పెట్టి, సంచి మీద వాని పేరు రాసి పక్కకు పెడ్త. పదిహేను ఇరవై దినాలల్ల మనసు మారితే అవే పైసలు తెచ్చిచ్చి తీస్కపొమ్మంట. కొందరు తీస్కపోయిన్రు. కొందరు రాలే, ఊరికి పోయిన్రేమో. టీవీల "పరీక్ష రద్దు" అని ఒక్క లైను పోతది, ఎన్క నుంచి ఇంకో వార్త వస్తది. పుస్తకం అంచుల పెన్సిల్‌తోని రాసుకున్న తారీఖులు, "ఇది మూడోసారి చదివిన" అని రాసుకున్న గుర్తులు మాకే కనబడ్తయి.

ఒక కవి పోయిండని వార్త వస్తే ఆ వారం అందరు ఆయన పుస్తకాలే అడుగుతరు. బతికున్నన్ని దినాలు అవి అట్టడుగున ఉంటయి. అప్పుడు ధర పెంచేటోళ్ళున్నరు. నేను పెంచ.

కాగితం మీద పన్ను వార్త సుత చెప్పాలె. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మార్చిన్రు. నోటుబుక్కులకు, పెన్సిళ్ళకు పన్ను తీసేసిన్రు, మంచి పని. అచ్చు పుస్తకం మీద ముందట నుంచే పన్ను లేదు. కాని పుస్తకం అచ్చేసే కాగితం మీద 12 శాతముండె, 18 చేసిన్రు. పుస్తకం మీద పన్నే లేదు కాబట్టి, కాగితానికి కట్టిన పన్ను అచ్చేసేటోనికి వాపసు రాదు. అది పోయి పుస్తకం ధరల కలుస్తది. నాకు రోజూ కనబడే ఒకాయన, "కొత్త పుస్తకం పిరమైతే నీ పాత పుస్తకానికి గిరాకి పెరుగుతది గద" అన్నడు. నాకు అట్లాంటి లాభం వద్దు. ఇయ్యాల కొత్త పుస్తకాలు అచ్చయితెనే పదేండ్లకు నా పట్టా మీదికి పాత పుస్తకాలొస్తయి. తెలుగుల చిన్న చిన్న ప్రచురణకర్తలు ఐదొందల కాపీలు ఏసుకునుడే కష్టమైతున్నది. వాళ్ళు ఆపితే ఇగ నేను అమ్మేది ఏముంటది?

జూనియర్ వకీలు, సిటీ సివిల్ కోర్టు:

ఐపీసీ గురించి ఆ అన్న రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఎన్‌రోల్ అయిన కొత్తలో సీనియర్ ఇచ్చిన మొదటి ఫైలు 2019 నాటి చీటింగ్ కేసు. పాత 420 మీద వ్యాఖ్యానం ఉన్న పుస్తకం కోసం తిరిగి తిరిగి చివరికి కోఠి ఫుట్‌పాత్ మీదే దొరికింది. లోపల ఎవరో పాత వకీలు ఎర్రసిరాతో తీర్పుల నంబర్లు రాసుకున్నారు. కొత్త పుస్తకం కొని ఉంటే అవి నాకు దొరికేవి కావు.

చట్టం పుస్తకాలు అమ్మేవాళ్ళకు ఇంకో వార్త. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం. దానికి ముందు 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానంలో కూర్చున్నాయి. వీటిలోనూ అంతే, పాత సంవత్సరాల పన్ను వివాదాలు పాత చట్టం కిందే నడుస్తాయి. కాబట్టి దయచేసి వాటిని కాంటాకు వేయకండి.

ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్ళకే ఒక చట్టం ఉంది, అది చాలామందికి తెలియకపోవడం నాకు బాధ. వీధి వ్యాపారుల చట్టం, 2014. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళను ఖాళీ చేయించకూడదు. జాగా మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి కాపీ చేతికివ్వాలి. పుస్తకాల్లాంటి పాడుకాని సరుకును, అడిగిన తర్వాత రెండు పనిదినాల్లో రుసుము తీసుకుని తిరిగివ్వాలి. సరుకు పట్టుకుపోయే వ్యాన్ వచ్చినప్పుడు గొడవ పడకుండా ఆ జాబితా అడగండి. జాబితా లేకపోతే తర్వాత ఎన్ని పుస్తకాలు పోయాయో ఎవరూ నిరూపించలేరు. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం బజారు 2019లో హైకోర్టు ఉత్తర్వుతో ఫుట్‌పాత్ నుంచి లేచిపోయి మహిళా హాట్ అనే సంత ఆవరణకు మారింది. అలాంటి రోజు మన దగ్గరా వస్తే చేతిలో కాగితం ఉన్నవాళ్ళకే మాట్లాడే అవకాశం ఉంటుంది.

మెయిన్స్ రాసిన అమ్మాయి:

అన్నా, మీరు రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. 2023లో రెండోసారి రద్దయినప్పుడు నేనూ సంచి మోసుకుని వెళ్ళినదాన్నే. మీ దగ్గరికి కాదు, ఇంకొకరి దగ్గరికి. ఆయన మాట్లాడకుండా తూకం వేసి డబ్బులిచ్చారు.

ఒక్క విషయంలో మీతో నాకు పేచీ ఉంది. ఆగమని చెప్పి సంచి పక్కన పెట్టడం మంచి మనసుతో చేసేదే, కాదనను. కానీ అందరికీ అది మేలు కాదు. ఆ రోజు నాకు ఆ పుస్తకాలు కళ్ళముందు లేకపోవడమే కావాలి. గదిలో మంచం కింద అవి ఉన్నంతకాలం నేను ఇంటికి ఫోన్ కూడా చేయలేకపోయాను. అమ్మేశాక ఊరెళ్ళి అమ్మ దగ్గర నెలరోజులున్నాను. తర్వాత కొత్త నోటిఫికేషన్ పడ్డాక మళ్ళీ కొన్నాను, ప్రిలిమ్స్ రాశాను, మెయిన్స్ రాశాను. మధ్యలో ఆ ఖాళీ లేకపోతే రాసేదాన్ని కాదు.

నేను అమ్మనిది ఒక్కటే, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ పేపరుకు తయారుచేసుకున్న నోట్సు. అది పరీక్ష కోసం మొదలుపెట్టాను కానీ మా మామయ్యలు చెప్పిన సంగతులు కూడా అందులో రాసుకున్నాను.

హనుమకొండ చదువరి:

ఇంత దొరుకుతుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. పట్టా అన్నా, ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఫోన్లోనే అన్నీ చదువుతున్నారు కదా, గిరాకీ తగ్గలేదా? రెండోది, మాలాంటి జిల్లా వాళ్ళకు పోస్టులో పంపుతారా? ఇదివరకు బుక్‌పోస్టులో తక్కువకు వచ్చేవి, అది ఆపేశారని విన్నాను.

పట్టా మీది పుస్తకం:

ముందుగాల ఆ చెల్లెకు. నువ్వన్నట్టు పుస్తకాలు కండ్లముందల ఉండొద్దనే పిల్లలు సుత వస్తరు. వాళ్ళు సంచి నా ముందల పెట్టినంక మళ్ళ దాని దిక్కు చూడరు. అట్లాంటోళ్ళను నేను ఆప, సంచి దించుకొని పైసలిచ్చి పంపిస్త. సంచిల నుంచి ఒక పుస్తకం తీసి పేజీ తిప్పి మళ్ళ లోపల పెట్టేటోళ్ళుంటరు చూడు, వాళ్ళవే దాచిపెడ్త. నీ మామయ్యల ముచ్చట్లు రాసుకున్న నోట్సు మాత్రం ఎవ్వరికీ ఇయ్యకు. జిరాక్స్ తీయించి ఒకటి ఇంట్ల పెట్టుకో.

వకీలు సాబ్, జాబితా మాట మా లైన్ల అందరికీ చెప్త. రెండు దినాలల్ల వాపసు ఇయ్యాలె అన్నది మా దాంట్ల చాలామందికి తెలువదు. మీరు తెలుగుల ఒక్క పేజీ రాసిస్తే ఫోటో తీసి మా గ్రూపుల పెడ్త.

గిరాకి సంగతి. వారపత్రికలు చదివేటోళ్ళు తగ్గిన్రు, అది నిజం. ముందట ఒక వారపత్రిక ఏడాది కట్ట పెడితే సాయంత్రానికి ఉండకపోతుండె. ఇప్పుడు వాటిని కొనేది చదువుదామని కాదు, పాత సీరియల్ పేజీలు చింపి కుట్టి పెట్టుకునేటోళ్ళు, బొమ్మల కోసం వచ్చేటోళ్ళు. చందమామ పాత సంచికలకు మాత్రం ఎన్నడూ తక్వ లేదు. 1947ల మొదలైన పత్రిక, అచ్చు ఆగిపోయి పదేండ్లు దాటింది. మనుమరాలికి చూపెడ్తనని పెద్దలొస్తరు. 2014 జూన్ 2 నాటి పేపర్ సుత అడుగుతరు, నాకాడ ఉన్న కాపీ అమ్మ, చూపెడ్త.

పరీక్షల పిల్లలు ఫోన్ల పీడీఎఫ్ చదువుతరు, మళ్ళ వచ్చి పుస్తకం కొంటరు. ఎందుకని అడిగితే ఫోన్ల చదువుతుంటే మధ్యల వార్త వస్తదంట, కోర్టు ఏమన్నదో చూద్దామని పోతే గంట పోతదంట. రద్దయితదో ఉంటదో అని ఎదురుచూసే పిల్లలకు అది ఎంత నరకమో నాకు తెలుసు. అందుకనే నాకాడ కూసొని చదువుకునేటోళ్ళను లేవమని అనను.

పోస్టు గురించి నువ్వు విన్నది నిజమే, రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబర్‌ల తీసేసిన్రు. ఆ నాలుగైదు నెలలు జిల్లాలకు పంపుడే బంద్ పెట్టినం, పుస్తకం ధర కంటే పంపే ఖర్చు ఎక్కువయింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టిన్రు. 300 గ్రాముల దాక 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, దాని మీద పన్ను. చదువు పుస్తకాలు, సాహిత్యం పోతయి. వారపత్రికలు, మాసపత్రికలు అందుల తీసుకోరు, కాబట్టి చందమామలు అడగకు, వచ్చినప్పుడే కొనుక్కో. నేరుగ దిగి చూసుకుంటెనే నీకు మంచిది, ఎందుకంటే పాత పుస్తకంల లోపలి పేజీ ఒకటి లేకపోయినా ఫోటోల తెలువదు.

ఆదాయపు పన్ను పాత చట్టం పుస్తకాలు ఇప్పటికే జమైతున్నయి. ఆడిటర్ల కాడ పని నేర్చుకునే పిల్లలకు పాత ఏండ్ల లెక్కలకు అవి కావాలె. ఈ ఆదివారం షట్టర్ దిక్కు ఒక వరుస పెడ్తున్న. అవసరమున్నోళ్ళు పొద్దుగాల వస్తే నిమ్మళంగ చూసుకోవచ్చు, పదకొండు దాటితే మంది ఎక్కువైతరు.